ఆరు సిలిండర్లకు ఎన్ని కార్బ్యురేటర్లు? డాట్సన్ 240జెడ్ ఇంజన్ చెప్పే లెక్క

పాతకాలపు ఆరు సిలిండర్ల కారును సొంతం చేసుకున్నవారిలో చాలామంది మొదట తలపెట్టే మార్పు, గాలి, పెట్రోలు కలిపి ఇంజన్‌కు అందించే కార్బ్యురేటర్ల సంఖ్యను పెంచడం. బానెట్ ఎత్తగానే వరుసగా మూడు జంట గొంతుల వెబర్ కార్బ్యురేటర్లు, వాటి ముఖాన ఆరు మెరిసే గాలి గొట్టాలు కనిపిస్తే పాత కార్లంటే ఇష్టమున్న ఎవరికైనా మనసు అటే లాగుతుంది. అయితే ఈ మార్పు చుట్టూ బలంగా అల్లుకున్న నమ్మకం ఒకటుంది. కార్బ్యురేటర్లు పెరిగితే ఇంజన్‌లోకి పెట్రోలు ఎక్కువగా వెళ్తుందనీ, శక్తి పెరగడానికి అదే కారణమనీ చాలామంది అనుకుంటారు. నిజానికి పెట్రోలు ఎంత కావాలంటే అంత పోయడానికి ఒక్క కార్బ్యురేటరే చాలు, పెద్ద జెట్ (పెట్రోలు వచ్చే రంధ్రం) బిగిస్తే ఆ పని అయిపోతుంది. ఆరు సిలిండర్ల ఇంజన్‌కు కష్టమంతా గాలి దగ్గర ఉంటుంది, మరీ ముఖ్యంగా ఆ గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమం ఆరింటికీ సమంగా, సమయానికి అందడంలో ఉంటుంది. మన దేశంలో 2020లో బీఎస్6 ప్రమాణాలు వచ్చాక ద్విచక్ర వాహనాల్లో కూడా కార్బ్యురేటర్ దాదాపు కనుమరుగైంది కాబట్టి, ఈ విషయాన్ని మొదటి నుంచి, ఒక నిజమైన ఇంజన్‌ను ఎదురుగా పెట్టుకుని చూడటం మంచిది.

అందుకు నేను ఎంచుకున్నది డాట్సన్ 240జెడ్. 1969 చివర్లో జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్ పేరుతో వెలువడి, 1970 మోడల్‌గా అమెరికా చేరిన ఈ రెండు సీట్ల కారు ఎగుమతి రూపంలో ఎల్24 అనే ఇంజన్ ఉంటుంది. దాని పరిమాణం 2393 సీసీ, బోర్ (సిలిండర్ వ్యాసం) 83 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 73.7 మి.మీ., నాటి స్థూల లెక్క ప్రకారం నిమిషానికి 5600 చుట్ల దగ్గర 151 హార్స్‌పవర్. ఫ్యాక్టరీ నుంచి దీనికి వచ్చినవి రెండే కార్బ్యురేటర్లు. బ్రిటిష్ ఎస్‌యూ పద్ధతిలో హిటాచీ తయారుచేసిన 46 మి.మీ. గొంతు గల కార్బ్యురేటర్లవి. వీటిని తీసేసి మూడు వెబర్ 40 డీసీఓఈలు (40 మి.మీ. జంట గొంతుల రకం) గానీ, సోలెక్స్ లైసెన్సుతో జపాన్‌లో తయారైన మికుని కార్బ్యురేటర్లు గానీ బిగించడం గత యాభై ఏళ్లుగా ఈ కారు యజమానులు చేస్తూ వస్తున్న మార్పు.

అసలు ఒక్క కార్బ్యురేటర్‌తో ఇబ్బంది ఏమిటి? వరుసగా ఆరు సిలిండర్లు ఉన్న ఇంజన్ పొడవుగా ఉంటుంది. మధ్యలో ఒక కార్బ్యురేటర్ పెడితే 3, 4 సిలిండర్లకు దారి చాలా దగ్గర, 1, 6 సిలిండర్లకు చాలా దూరం. గాలి ఒక్కటే ప్రయాణించేదైతే ఇది పెద్ద సమస్య కాదు, కానీ దానితో పాటు వచ్చే పెట్రోలులో కొంత ఆవిరిగా, కొంత సన్నని తుంపరగా, కొంత మానిఫోల్డ్ (మిశ్రమాన్ని సిలిండర్లకు చేర్చే గొట్టాల అమరిక) గోడలను తడుపుతూ పాకే ద్రవంగా ఉంటుంది. బరువైన తుంపర మలుపు దగ్గర గాలితో పాటు తిరగలేక గోడను కొడుతుంది, చలిలో ఈ నష్టం మరింత పెరుగుతుంది. ఫలితంగా చివరి సిలిండర్లకు పలచటి మిశ్రమం, మధ్య సిలిండర్లకు చిక్కటి మిశ్రమం చేరుతుంది. పలచటి మిశ్రమం వల్ల చివరి సిలిండర్లు వేడెక్కి దెబ్బతినకుండా కాపాడాలంటే మొత్తం ఇంజన్‌కు జెట్ పెంచక తప్పదు. అప్పుడు మధ్య సిలిండర్లు పెట్రోలును వృథాగా తాగుతాయి. కార్బ్యురేటర్లను పెంచడంలోని మొదటి ప్రయోజనం ఈ అసమానతను తగ్గించడమే. శక్తి పెరగడం దాని వెనుక వచ్చే ఫలితం.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం, ఎందుకంటే ఎన్ని కార్బ్యురేటర్లు పెట్టాలన్న ప్రశ్నకు జవాబు సిలిండర్లు మండే క్రమం, అంటే ఫైరింగ్ ఆర్డర్‌లోనే దొరుకుతుంది. ఎల్24 ఇంజన్‌లో ఆ క్రమం 1-5-3-6-2-4. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ప్రతి సిలిండర్ క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేలోగా, అంటే 720 డిగ్రీలలో, ఒక్కసారే గాలి పీల్చుకుంటుంది. ఆరు సిలిండర్లు కాబట్టి ప్రతి 120 డిగ్రీలకు ఒకటి పీల్చడం మొదలుపెడుతుంది. ముందున్న 1, 2, 3 సిలిండర్లకు ఒక కార్బ్యురేటర్, వెనుకనున్న 4, 5, 6 సిలిండర్లకు మరొకటి అనుకుందాం. మొదటి కార్బ్యురేటర్ నుంచి 1వ సిలిండర్ 0 డిగ్రీల దగ్గర, 3వది 240 దగ్గర, 2వది 480 దగ్గర లాగుతాయి. మూడింటి మధ్య ఎడం సరిగ్గా 240 డిగ్రీలే. వెనుక కార్బ్యురేటర్‌లోనూ అంతే. మామూలు క్యామ్ షాఫ్ట్ (వాల్వులను తెరిచి మూసే కడ్డీ) ఉన్న ఇంజన్‌లో ఇంటేక్ వాల్వ్ తెరుచుకుని ఉండేది కూడా ఇంచుమించు అంతే కాలం. అందువల్ల ఒక సిలిండర్ వదిలే సమయానికి మరొకటి అందుకుంటుంది, గాలి ఆగకుండా ప్రవహిస్తుంది, ఏ సిలిండరూ మరొకదాని వాటా లాక్కోదు.

అదే ఒంటి గొంతు కార్బ్యురేటర్లు మూడు పెట్టి ఒక్కొక్కదానికి రెండేసి సిలిండర్లు అప్పగిస్తే లెక్క చెడుతుంది. మధ్యనున్న 3, 4 సిలిండర్లు 240, 600 డిగ్రీల దగ్గర లాగుతాయి కాబట్టి వాటి మధ్య ఎడం సమంగా 360. కానీ 1, 2 సిలిండర్లు 0 దగ్గర, 480 దగ్గర లాగుతాయి, అంటే ఒకసారి 480 డిగ్రీల విరామం, ఇంకోసారి 240 డిగ్రీల విరామం. 5, 6 సిలిండర్లదీ అదే తీరు. ఒకే ఇంజన్‌పై ఒకేలా కనిపించే మూడు కార్బ్యురేటర్లలో మధ్యది ఒక లయలో, అంచుల్లోనివి రెండూ కుంటి లయలో పనిచేస్తాయన్నమాట. కార్బ్యురేటర్ల దారులను కలిపే బ్యాలెన్స్ పైపులతో దీన్ని చాలావరకు సరిచేయవచ్చు, అయినా రెండింటికి ఉన్న సహజమైన సౌలభ్యం మూడింటికి లేదు. మూడు వెబర్లు ఈ లెక్కలోకి రావు, ఎందుకంటే ఒక్కో డీసీఓఈలో రెండు వేర్వేరు గొంతులుంటాయి. చూపుకు మూడైనా అవి ఆరు కార్బ్యురేటర్లు, సిలిండర్‌కు ఒకటి. కాబట్టి ఆరు సిలిండర్ల వరుస ఇంజన్‌కు గొంతుల సంఖ్య రెండైనా ఉండాలి, ఆరైనా ఉండాలి అన్నది నా అభిప్రాయం.

చరిత్రలో ఇందుకు మంచి సాక్ష్యం ఉంది. 1961లో ఆస్టిన్ హీలీ 3000 మార్క్ 2కు 2912 సీసీ ఇంజన్‌పై మూడు ఎస్‌యూ హెచ్ఎస్4 కార్బ్యురేటర్లు పెట్టారు. ఆ మూడింటినీ ఒక తీరున ఉంచడం సర్వీసు చేసేవారికి తలనొప్పి కావడంతో, 1962లోనే కాస్త పెద్ద సైజు హెచ్ఎస్6 కార్బ్యురేటర్లు రెండింటికి తిరిగి వచ్చారు. శక్తిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మూడింటితో మెప్పించిన ఇంజన్ లేదా అంటే, ఉంది: 1961 నాటి జాగ్వార్ ఈ-టైప్. దాని 3.8 లీటర్ల ఇంజన్‌పై రెండంగుళాల ఎస్‌యూ కార్బ్యురేటర్లు మూడుండేవి, ప్రకటించిన శక్తి 265 హార్స్‌పవర్. అయితే ఆ ఇంజన్‌కు రెండు ఓవర్‌హెడ్ క్యామ్ షాఫ్టులు, అర్ధగోళాకారపు దహన గదులు ముందే ఉన్నాయని మరవకూడదు. అమెరికాలో 1953లో వచ్చిన మొదటి షెవర్లే కార్వెట్ కథ ఇంకా స్పష్టమైన పాఠం చెబుతుంది. సాధారణ కార్లలో వాడే 235 ఘనపు అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజన్‌నే తీసుకుని దాన్ని 150 హార్స్‌పవర్‌కు చేర్చినప్పుడు అందరి కళ్లూ పక్కకు అమర్చిన మూడు కార్టర్ కార్బ్యురేటర్ల మీదే పడ్డాయి. కానీ ఇంజనీర్లు వాటితో పాటు కంప్రెషన్ పెంచారు, క్యామ్ మార్చారు, ఎగ్జాస్ట్‌ను రెండు దారులుగా విడదీశారు. ఆ శక్తిని కేవలం కార్బ్యురేటర్ల ఖాతాలో వేయడం న్యాయం కాదు.

జపాన్‌లోనూ ఇదే కనిపిస్తుంది. 1969లోనే వచ్చిన ఫెయిర్‌లేడీ జెడ్ 432లో ఎస్20 అనే 1989 సీసీ ఇంజన్ ఉండేది. సిలిండర్‌కు నాలుగు వాల్వులు, రెండు క్యామ్ షాఫ్టులు, జంట గొంతుల మికుని కార్బ్యురేటర్లు మూడు, శక్తి 160 హార్స్‌పవర్. జపాన్‌లో అమ్మిన మామూలు ఫెయిర్‌లేడీ జెడ్‌లోని ఎల్20 ఇంజన్, ఇంచుమించు అంతే సీసీతో, రెండు కార్బ్యురేటర్లతో 130 దగ్గర ఆగింది. ఆ 30 హార్స్‌పవర్ తేడాలో ప్రధాన భాగం వాల్వులుండే పైభాగం, అంటే హెడ్‌ది. గాలిని అంత వేగంగా పీల్చగల హెడ్ ఉంది కాబట్టే ఆరు గొంతులకు పని దొరికింది.

మళ్లీ 240జెడ్ దగ్గరికి వస్తే, దాని మూల కార్బ్యురేటర్లు ఎంత సమర్థమైనవో ఒక చిన్న లెక్క చెబుతుంది. 46 మి.మీ. గొంతు విస్తీర్ణం దాదాపు 16.6 చదరపు సెంటీమీటర్లు. మూడు సిలిండర్లు వంతులవారీగా లాగుతాయి కాబట్టి, పీల్చే క్షణంలో ఒక సిలిండర్‌కు దాదాపు ఆ దారి మొత్తం దొరుకుతుంది. వెబర్ 40లో 32 మి.మీ. వెంచురీ (గొంతులోని ఇరుకు భాగం) వేస్తే ఒక్కో సిలిండర్‌కు దొరికే ఇరుకైన చోటు సుమారు 8 చదరపు సెంటీమీటర్లే. అలాంటప్పుడు మూల క్యామ్ షాఫ్ట్‌తో ఉన్న ఇంజన్‌కు వెబర్లు బిగించి గొప్ప శక్తి వస్తుందని ఎదురుచూడటంలో అర్థం లేదు. ఆరు గొంతుల విలువ క్యామ్ మారినప్పుడు బయటపడుతుంది. వాల్వును 280, 290 డిగ్రీల పాటు తెరిచి ఉంచే క్యామ్ వేస్తే 240 డిగ్రీల ఎడం చాలదు. ఒక సిలిండర్ ఇంకా పీలుస్తుండగానే రెండోది మొదలుపెడుతుంది, ఒకటి వెనక్కి తోసిన గాలి మరొకదానిలోకి పోతుంది, మిశ్రమం కలగాపులగం అవుతుంది. ప్రతి సిలిండర్‌కు దాని దారి దానికే ఉన్నప్పుడు ఈ కలహం ఉండదు. పైగా దారి పొట్టిగా, తిన్నగా ఉంటుంది కాబట్టి గాలి వేగం నిలుస్తుంది, పికప్ పదునెక్కుతుంది. మూడు వెబర్లు వేసుకున్నవారు మెచ్చుకునేది ప్రధానంగా ఈ పికప్‌నే, అది నిజమే కూడా.

రెండు రకాల కార్బ్యురేటర్ల పనితీరు తెలియకపోతే వాటి ట్యూనింగ్ అర్థం కాదు. ఎస్‌యూ పద్ధతిలో వెంచురీ తనంతట తానే పెద్దదీ చిన్నదీ అవుతుంది. పైనున్న గుండ్రని గదిలో ఒక పిస్టన్ ఉంటుంది, ఇంజన్ ఎంత గాలి లాగితే అది అంత పైకి లేస్తుంది, దాని అడుగున ఉన్న మొన తేలిన సూది జెట్‌లోంచి అదే కొలతలో బయటికి వచ్చి పెట్రోలుకు దారి ఇస్తుంది. ఐడ్లింగ్ నుంచి పూర్తి వేగం వరకు ఆ ఒక్క జెట్, ఆ ఒక్క సూది చాలు. పెడల్ తొక్కగానే పిస్టన్ ఎగిరి పడకుండా లోపలి నూనె ఆపుతుంది కాబట్టి ఆ క్షణానికి మిశ్రమం కాస్త చిక్కబడి ఇంజన్ తడబడకుండా అందుకుంటుంది. ఆ నూనె ఎండిపోయిన కార్లలో పికప్ పోయిందని మొత్తం కార్బ్యురేటర్లనే మార్చేసేవారు ఉన్నారు. ఆ పిస్టన్‌ను వేలితో పైకెత్తి వదిలితే టక్కుమని లోహపు శబ్దంతో అడుగుకు దిగాలి. మధ్యలో ఆగినా, నసుగుతూ దిగినా జెట్ మధ్యకు లేదనో, సూది వంగిందనో అర్థం. ఇంజన్ నడుస్తుండగా ఆ పిస్టన్‌ను ఒక్క మిల్లీమీటరు ఎత్తి చూడండి: చుట్లు పెరిగి అలాగే ఉంటే మిశ్రమం చిక్కగా ఉంది, ఇంజన్ ఆగిపోబోతే పలచగా ఉంది, ఒక్క క్షణం పెరిగి సర్దుకుంటే సరిగ్గా ఉంది.

1923లో ఎదువార్దో వెబర్ ఇటలీలోని బొలోన్యాలో స్థాపించిన సంస్థ నుంచి వచ్చిన డీసీఓఈ తీరు ఇందుకు పూర్తిగా భిన్నం. దాని వెంచురీ కదలదు. అందువల్ల వేర్వేరు వేగాలకు వేర్వేరు దారులు కావాలి: ఐడిల్ జెట్, థ్రాటిల్ పలకకు పక్కనే ఉండే సన్నని రంధ్రాలు, మెయిన్ జెట్, దానికి గాలి కలిపే ఎయిర్ కరెక్టర్, ఆ రెండింటినీ కలిపే ఎమల్షన్ గొట్టం, పెడల్ తొక్కగానే పెట్రోలు చిమ్మే పంపు జెట్. వీటన్నిటినీ మార్చుకోవచ్చు. అదే వెబర్ గొప్పతనం, దానితో వచ్చే చిక్కు కూడా అదే. ఎంపికకు ఒక క్రమం ఉంది. మొదట తేల్చుకోవాల్సింది వెంచురీ. 400 సీసీ సిలిండర్‌కు, 6000 చుట్ల గరిష్ఠ వేగానికి, రోడ్డు మీద నడిచే కారుకు 30 నుంచి 32 మి.మీ. సరిపోతుంది. పెద్ద వెంచురీ పెడితే తక్కువ వేగంలో గాలి మందగించి పెట్రోలును సరిగా చిలకదు. మెయిన్ జెట్ అంకె వెంచురీకి సుమారు నాలుగు రెట్లు, కాబట్టి 32కు 130, అంటే 1.30 మి.మీ. రంధ్రం. ఎయిర్ కరెక్టర్‌ను దానికి 50 కలిపి 180 దగ్గర మొదలుపెట్టవచ్చు. ఇవి ఆరంభానికి పనికొచ్చే కొలతలు మాత్రమే.

చాలామంది మెయిన్ జెట్ల మీద గంటలు గడుపుతారు గానీ, రోడ్డు మీద కారు ఎక్కువసేపు నడిచేది ఐడిల్ జెట్ మీదే. తేలికపాటి తొక్కుడులో దాదాపు 2500, 3000 చుట్ల వరకు పెట్రోలు అందించేది ఆ దారే. నాలుగు గేర్ల 240జెడ్ గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు ఇంజన్ సుమారు 2800 చుట్ల దగ్గర ఉంటుంది. అంటే హైవే మీద నిలకడగా సాగే వేగం సరిగ్గా ఐడిల్ దారి నుంచి మెయిన్ దారికి మారే చోట పడుతుంది. వెబర్లు వేసిన కారు ఆ వేగంలో కుదుపుతోందన్నా, కార్బ్యురేటర్‌లోంచి తుమ్ముతోందన్నా, మెయిన్ జెట్ కన్నా ముందు ఐడిల్ జెట్‌ను 50 నుంచి 55కు మార్చి చూడటం మంచిది. పెట్రోలు కూడా మునుపటిది కాదని గుర్తుంచుకోవాలి. అసలు పెట్రోలుకు పూర్తిగా మండటానికి బరువు ప్రకారం ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి కావాలి. పది శాతం ఇథనాల్ కలిస్తే అది 14.1 దగ్గరికి, మన దేశంలో ఇప్పుడు వస్తున్న ఇరవై శాతం కలిసిన పెట్రోలులో 13.5 దగ్గరికి దిగుతుంది. కాబట్టి యాభై ఏళ్ల నాటి పుస్తకాల్లోని జెట్ అంకెలతో ఇంజన్ నేడు పలచటి మిశ్రమం మీద నడుస్తుంది. పాత రబ్బరు గొట్టాలు, సీళ్లు కూడా ఈ పెట్రోలుకు తట్టుకోవు.

బిగింపులో వచ్చే చిక్కుల్లో మొదటిది వేడి. ఎల్ శ్రేణి హెడ్‌లో ఇంటేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే వైపున ఉంటాయి, కార్బ్యురేటర్లు సరిగ్గా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద కూర్చుంటాయి. వేడి ఇంజన్‌ను ఆపి పది నిమిషాల తర్వాత స్టార్ట్ చేస్తే, కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గదిలో అది మరిగిపోయి ఇంజన్ మొరాయించడం ఇందువల్లే. మధ్యలో అల్యూమినియం కవచం లేకుండా వెబర్లు వేయడం అనవసరమైన కష్టం కొనితెచ్చుకోవడమే. రెండోది పెట్రోలు పీడనం. డీసీఓఈలో పెట్రోలును ఆపే సూది వాల్వ్ ఎక్కువ పీడనాన్ని తట్టుకోలేదు, 2.5 నుంచి 3.5 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దానికి చాలు, అంతకు మించితే పొంగుతుంది. మూడోది, అందరూ మరచిపోయేది, బ్రేకులు. బ్రేక్ బూస్టర్ ఇంటేక్ మానిఫోల్డ్‌లోని శూన్యం మీద ఆధారపడుతుంది. ఆరు దారులు విడివిడిగా ఉన్నప్పుడు ఏ ఒక్కదానిలోనూ నిలకడైన శూన్యం ఉండదు, కొట్టుకుంటూ ఉంటుంది. అందుకని వీలైనన్ని దారులను సన్నని గొట్టాలతో కలిపి, ఒకవైపే తెరుచుకునే వాల్వ్ ద్వారా బూస్టర్‌కు తీసుకోవాలి. శూన్యాన్ని బట్టి స్పార్క్ సమయాన్ని ముందుకు జరిపే డిస్ట్రిబ్యూటర్ వ్యాక్యూమ్ అడ్వాన్స్‌కూ ఇదే చిక్కు ఉంటుంది. బ్రేక్ పెడల్ గట్టిపడిన కారును రోడ్డెక్కించకూడదని వేరే చెప్పక్కర్లేదు.

కొన్ని ఇంజన్లలో అసలు అడ్డంకి ఇంకెక్కడో ఉంటుంది. అరవైల నాటి ఫోర్డ్ ఫాల్కన్, మస్టాంగ్ కార్లలోని చిన్న ఆరు సిలిండర్ల ఇంజన్లలో ఇంటేక్ మానిఫోల్డ్ హెడ్‌తో కలిసే పోతపోసి ఉంటుంది. దాన్ని విప్పి మార్చే అవకాశమే లేదు. దానికి రంధ్రాలు చేసి మూడు కార్బ్యురేటర్లు నిలబెట్టినవారున్నారు, పంపిణీ కొంత మెరుగుపడుతుంది, కానీ ఆ దుంగ లాంటి దారి మాత్రం అలాగే ఉంటుంది.

ట్యూనింగ్ మొదలుపెట్టే ముందు కార్బ్యురేటర్లను ముట్టుకోకూడదు. ముందుగా ఆరు సిలిండర్ల కంప్రెషన్ చూడాలి, ట్యాపెట్లు సరిచేయాలి, ప్లగ్గులు, పాయింట్ల గ్యాప్, టైమింగ్ చూసుకోవాలి, మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర గాలి లీకు లేదని తేల్చుకోవాలి. ఇవి సరిగా లేనప్పుడు కనిపించే ప్రతి లోపమూ కార్బ్యురేటర్ లోపంలాగే కనిపిస్తుంది. తర్వాత కార్బ్యురేటర్లను కలిపే లింకు కడ్డీలను విడదీసి, ఇంజన్ బాగా వేడెక్కాక, గాలి ప్రవాహం కొలిచే చిన్న మీటర్‌ను ఒక్కో గొంతుకు ఆనించి, ఆరింటిలోనూ అంకె ఒకటే అయ్యేలా ఐడిల్ స్క్రూలు తిప్పాలి. మీటర్ లేకపోతే ఒక రబ్బరు గొట్టం కొసను గొంతు దగ్గర, ఇంకో కొసను చెవి దగ్గర పెట్టుకుని బుస శబ్దాన్ని పోల్చే పాత పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. ఆ తర్వాత లింకులు బిగించి 2000 చుట్ల దగ్గర మళ్లీ కొలవాలి, ఎందుకంటే ఐడ్లింగ్‌లో సమంగా ఉన్నవి పెడల్ తొక్కినప్పుడు ఒకదాని వెంట ఒకటి తెరుచుకుంటే చేసిన పనంతా వృథా. మిశ్రమం స్క్రూలను చివరికి ఉంచాలి, ఒక్కో గొంతుకు విడిగా, కొద్దికొద్దిగా తిప్పుతూ.

ఇప్పుడు ఎగ్జాస్ట్‌లో అమర్చే ఆక్సిజన్ సెన్సర్లు వచ్చి ఈ పని చాలా తేలికైంది, పూర్తి శక్తి దగ్గర ఒక పాలు పెట్రోలుకు గాలి పాళ్లు 12.5 నుంచి 13 మధ్య చూపితే సంతోషించవచ్చు. అయితే ఆరు సిలిండర్ల పొగా కలిసిన చోట పెట్టిన సెన్సర్ చూపేది సగటు మాత్రమే. ఒకటి పలచగా, మరొకటి చిక్కగా ఉన్నా ఆ సగటు ముచ్చటగానే ఉంటుంది. అందుకే పూర్తి వేగంలో కాసేపు నడిపి, ఇంజన్‌ను అక్కడికక్కడే ఆపి, ఆరు ప్లగ్గులూ విప్పి వరుసగా బల్ల మీద పెట్టి చూడాలి. నల్లటి మసి పట్టినది చిక్కటి మిశ్రమానికి గుర్తు, సున్నం లాగా తెల్లబడినది పలచటి మిశ్రమానికి గుర్తు. ఆరింటిలో ఒక్కటే తెల్లగా ఉంటే జెట్ మార్చకుండా ముందు ఆ గొంతు గాస్కెట్ దగ్గర గాలి లీకు ఉందేమో వెతకాలి.